'మోటివేషన్ లేదు' అని రాసే ముందు: ఆక్యుపేషనల్ థెరపీ విద్యార్థులకు సోషల్ సైకాలజీ

జబ్బో గాయమో తర్వాత మనిషి రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా తోడ్పడేది ఆక్యుపేషనల్ థెరపీ. వార్డు పోస్టింగుల్లో ఉన్న ఆ విద్యార్థుల నోట్స్ చూస్తే ఒక మాట పదే పదే కనిపిస్తుంది: 'పేషెంట్‌కి మోటివేషన్ లేదు'. దాని అన్నదమ్ములూ ఉంటాయి: 'సహకరించడం లేదు', 'మొండి మనిషి', 'ఇంటికెళ్లాక ఏమీ చేయడం లేదు'. రాసినవాళ్లు దాన్ని పరిశీలన అనుకుంటారు. కానీ ఆ పేషెంట్ ఏం చేశాడో, ఎక్కడ ఆగాడో, అప్పుడు పక్కన ఎవరున్నారో అందులో ఉండదు. అతనెలాంటి మనిషో మాత్రం తేల్చేసి ఉంటుంది. చుట్టూ ఉన్న మనుషులూ పరిస్థితులూ మన ప్రవర్తనను ఎలా మలుస్తాయో చెప్పే సోషల్ సైకాలజీని కోర్సు మొదట్లో నాలుగు చాప్టర్లుగా చదివి, వైవాలో రెండు నిర్వచనాలు అప్పజెప్పి వదిలేయడం మామూలే. నన్నడిగితే ఆ సబ్జెక్టు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇలాంటి వాక్యం రాయబోయేటప్పుడే.

ఎదుటివాళ్ల ప్రవర్తనకు కారణం వెతికేటప్పుడు మనం వాళ్ల స్వభావాన్ని ఎక్కువగా, వాళ్లున్న పరిస్థితిని తక్కువగా లెక్కలోకి తీసుకుంటాం. 1977లో లీ రాస్ అనే సైకాలజిస్టు దీనికి 'ఫండమెంటల్ అట్రిబ్యూషన్ ఎర్రర్' అని పేరు పెట్టాడు. అంతకు పదేళ్ల ముందు, 1967లో, ఎడ్వర్డ్ జోన్స్, విక్టర్ హారిస్ చేసిన ప్రయోగం దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రోను సమర్థిస్తూ, వ్యతిరేకిస్తూ రాసిన వ్యాసాలు విద్యార్థులకు ఇచ్చారు. 'ఏ పక్షాన రాయాలో రాసినవాడి ఇష్టం కాదు, అలా రాయమని చెప్పారు' అని ముందే వివరించారు. అయినా సమర్థిస్తూ రాసినవాడు ఎంతో కొంత కాస్ట్రో అభిమానే అయ్యుంటాడని చదివినవాళ్లు అనుకున్నారు. బలవంతం ఉందని తెలిసి కూడా దాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకోలేకపోయారన్నమాట.

దీనికి మన దేశానికి సంబంధించిన ఒక కొనసాగింపు ఉంది. జోన్ మిల్లర్ 1984లో చికాగోవాళ్లనీ మైసూరువాళ్లనీ పోల్చి చూసింది. తెలిసినవాళ్లు చేసిన మంచిపని, చెడ్డపని చెప్పమని, 'ఎందుకలా చేశారు' అని అడిగితే, చికాగోలోని పెద్దవాళ్లు స్వభావం వైపు మొగ్గారు. మైసూరువాళ్లు పరిస్థితినీ బంధుత్వాలనూ బాధ్యతలనూ ఎక్కువగా చెప్పారు. అంటే ఈ చూపు మనకు కొత్తగా నేర్పాల్సింది కాదు. తెల్లకోటు వేసుకోగానే ఎక్కడో జారిపోతుందని నా అనుమానం.

సోషల్ సైకాలజీకీ మన వృత్తికీ చుట్టరికం పాతదే. ప్రవర్తన అనేది మనిషి, అతని పరిసరం రెండూ కలిసి తయారయ్యేదని సైకాలజిస్టు కర్ట్ లెవిన్ 1936లో ఒక చిన్న సూత్రంగా రాశాడు. మీరు చదివే 'వ్యక్తి, పరిసరం, ఆక్యుపేషన్' మోడల్ (మేరీ లా బృందం, 1996; ఆక్యుపేషన్ అంటే ఇక్కడ మనిషి రోజూ చేసుకునే పనులన్నీ) చూస్తే లెవిన్ నీడ స్పష్టంగా తెలుస్తుంది. అంతకంటే దగ్గర సంబంధం ఇంకొకటుంది, పాఠాల్లో దాని గురించి పెద్దగా చెప్పరు. లెవిన్ దగ్గర బెర్లిన్‌లో చదువుకున్న తమారా డెంబో, అయోవాలో చదువుకున్న బియాట్రిస్ రైట్, ఇద్దరూ రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి కాళ్లూ చేతులూ కోల్పోయిన సైనికుల మీద పనిచేశారు. వైకల్యంతో బతికేవాళ్ల మనసునూ జీవితాన్నీ పట్టించుకునే రీహాబిలిటేషన్ సైకాలజీకి పునాది వేసినవాళ్లలో వీళ్లు ముఖ్యులు. వాళ్లిచ్చిన మూడు ఆలోచనలు గుర్తుంటే సగం సబ్జెక్టు చేతికొచ్చినట్టే.

మొదటిది లోపలి చూపు, బయటి చూపు. వైకల్యంతో బతికే మనిషికి కనిపించే లోకం వేరు, బయటినుంచి చూసేవాడికి కనిపించేది వేరు. బయటివాడికి పోయిన కాలు ఒక్కటే కనిపిస్తుంది. లోపలివాడికి కాలుతో పాటు అప్పు, కూతురి పెళ్లి, రేపటి బస్సు కూడా ఉంటాయి. రెండోది 'వ్యాప్తి'. ఒక్క లోపం మనిషంతటికీ పాకినట్టు చూడటం. వీల్‌చైర్‌లో ఉన్న అమ్మాయిని వదిలేసి పక్కనున్న తల్లిని 'ఏం చదువుకుంది?' అని అడగడం, చూపు లేనివాళ్లతో గట్టిగా అరిచి మాట్లాడటం ఇదే. మూడోది నాకు చాలా ఇష్టమైనది: ఎదుటివాడు బాధపడాలని మనం కోరుకోవడం. ఇంత పెద్ద నష్టం జరిగాక మనిషి ఏడుస్తూ ఉండాలని బయటివాళ్లు ఎదురు చూస్తారు. నవ్వుతూ కనిపిస్తే 'లోపల దాచుకుంటున్నాడు' అంటారు, లేకపోతే 'ఇంకా అర్థం కాలేదు పాపం' అంటారు. ఆస్పత్రికి చూడ్డానికొచ్చే చుట్టాల 'అయ్యో' లో కొంత ప్రేమ ఉంటుంది, కొంత ఈ డిమాండు ఉంటుంది. 1999లో ఆల్బ్రెక్ట్, డెవ్లీగర్ తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్లతో మాట్లాడినప్పుడు, వాళ్లలో సగానికి పైగా తమ జీవితం బాగుందనో చాలా బాగుందనో చెప్పారు. ఈ ఫలితం వినగానే నమ్మబుద్ధి కాకపోతే, అది మీలోని బయటి చూపు.

ఇప్పుడు ఒక కేసు ఊహించుకుందాం. గుంటూరు జిల్లా పల్లె, అరవై దాటిన రైతు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పనిచేయడం లేదు. డిపార్ట్‌మెంట్‌లో ఎడమ చేత్తో స్పూన్ పట్టుకోవడం నేర్పారు. మూడు వారాల్లో బాగానే పట్టుకుంటున్నాడు, పెద్దగా ఒలకబోసుకోకుండా తింటున్నాడు. ఇంటికెళ్లాక ఫాలోఅప్‌కి వస్తే తెలిసిందేమిటంటే, భార్య అన్నం కలిపి ముద్దలు పెడుతోంది. స్పూన్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. విద్యార్థి పెన్ను తీస్తాడు. 'మోటివేషన్ లేదు' అన్నది వచ్చేది ఇక్కడే.

కొంచెం ఆగి ఆ ఇంట్లోకి వెళ్లి చూడండి. ఎడమ చెయ్యి దేనికి వాడతామో అందరికీ తెలుసు. చిన్నప్పుడు ఎడమ చేత్తో ఏదైనా అందిస్తే చేతి మీద ఒకటి పడుతుంది. అలాంటి మనిషిని అదే చేత్తో అన్నం తినమన్నాం, అదీ మనవళ్ల ముందు. పెళ్లి బంతిలో పక్కవాళ్లు తన చేతివైపు చూస్తారని అతనికి తెలుసు. చెయ్యి బలహీనంగా ఉందని నలుగురికీ తెలియడం ఒక ఎత్తు, ఎడమ చేత్తో తినడం నలుగురూ చూడటం ఇంకో ఎత్తు. పైగా స్పూన్. పప్పూ నెయ్యీ కలుపుకున్న ముద్దకు అలవాటుపడిన నోటికి స్పూన్‌తో తింటే ఆస్పత్రిలో ఉన్నట్టే ఉంటుంది.

ఐసెక్ ఐజెన్ సిద్ధాంతం (1991) ఇక్కడ అక్కరకొస్తుంది. ఒక పని చేయాలన్న ఉద్దేశం మూడింటి మీద ఆధారపడుతుందంటాడు: ఆ పని మీద మనకున్న అభిప్రాయం, మనకు ముఖ్యమైనవాళ్లు ఏమనుకుంటారన్న అంచనా, అది మన చేతుల్లో ఉందన్న నమ్మకం. విద్యార్థులు సాధారణంగా మొదటిదాని మీదే కష్టపడతారు. 'ఎడమ చేత్తో తింటే మీకే మంచిది, ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు' అని లెక్చర్ ఇస్తారు. మన రైతుకు అభిప్రాయంతో పేచీ లేదు, చేతనవుతుందని కూడా తెలుసు. అడ్డంతా రెండోదాంట్లో ఉంది. కాబట్టి మాట్లాడాల్సింది అతనితో కాకపోవచ్చు. అతను ఎవరి మాటకు విలువిస్తాడో కనుక్కుని, ఆ అన్నగారో, బావగారో, లేకపోతే తల్లో 'దేవుడిచ్చిన చెయ్యేగా, తినరా, ఎవడేమంటాడు' అనేలా చూడాలి. కుడి చేతిలో ఏ కాస్త పట్టు ఉన్నా లావు పిడి స్పూన్‌తోనో, అరచేతికి పట్టీతో కట్టే స్పూన్‌తోనో దాన్నే ముందు వాడనివ్వచ్చు. అదీ కుదరకపోతే మొదటి నెల భార్యాభర్తలిద్దరే ఉన్నప్పుడు ఎడమ చేత్తో తినమనండి, బంతి భోజనం సంగతి తర్వాత చూడొచ్చు. ఇవన్నీ మీ సిలబస్‌లో ఉన్న పనులే. ఏది ఎప్పుడు వాడాలో చెప్పేది మాత్రం పరిస్థితి.

చూసేవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక పాత ప్రశ్న. పక్కన మనుషులుంటే పని బాగా చేస్తామా, చెడగొట్టుకుంటామా? 1898లోనే నార్మన్ ట్రిప్లెట్ సైకిల్ పందేల రికార్డులు చూసి, పిల్లల చేత చేపల గాలపు చక్రాలు తిప్పించి, పక్కన ఇంకొకరుంటే వేగం పెరుగుతుందన్నాడు. తర్వాత వచ్చినవాళ్లకు కొన్నిసార్లు ఉల్టా ఫలితాలొచ్చాయి. 1965లో రాబర్ట్ జయాన్స్ ఈ చిక్కు విప్పాడు. చూసేవాళ్లుంటే శరీరంలో ఉద్రేకం పెరుగుతుంది, అప్పుడు మనకు బాగా అలవాటైన స్పందనే ముందుకొస్తుంది. పని బాగా వచ్చినదైతే ఆ స్పందన సరైనదే కాబట్టి ఇంకా బాగా చేస్తాం. కొత్తగా నేర్చుకుంటున్నదైతే పాత తప్పుడు స్పందన బయటికొచ్చి పని చెడుతుంది. జయాన్స్ బృందం దీన్ని బొద్దింకల మీద కూడా చూపించింది. తోటి బొద్దింకలు చూస్తుంటే తిన్నటి దారిలో వేగంగా పరిగెత్తాయి, మలుపులున్న దారిలో తడబడ్డాయి. సిగ్గూ పరువూ లేని జీవిలో కూడా ఇది ఉందంటే మనిషి గురించి చెప్పేదేముంది.

ఒంటి చేత్తో చొక్కా గుండీలు పెట్టుకోవడం తీసుకోండి. కింది గుండీతో మొదలుపెట్టాలి, చూపుడువేలూ బొటనవేలూ కాజాను తెరిచి పట్టుకోవాలి, గుండీని అడ్డంగా వాల్చి తోయాలి, బొటనవేలితో అవతలికి లాగాలి. పేషెంట్ నిన్ననే నేర్చుకున్నాడు. ఈరోజు రౌండ్స్‌లో సార్, ముగ్గురు విద్యార్థులు, కొడుకు, కోడలు, పక్క బెడ్ అటెండెంట్ చుట్టూ నిలబడ్డారు. 'చూపించండి' అన్నారు. అరవై ఏళ్లుగా రెండు చేతులతో పై గుండీ నుంచి పెట్టుకున్న అలవాటు ముందుకొస్తుంది, లేవని చెయ్యి లేవాలని చూస్తుంది, మొదటి గుండీ దగ్గరే టెన్షన్. కోడలు వచ్చి పెట్టేస్తుంది. మనం స్కోరు తగ్గిస్తాం. కర్టెన్ వేసి ఒక్కరే ఉండి చూస్తే వేరే స్కోరు వచ్చేది. కొత్త పనిని ముందు ఏకాంతంలో అలవాటు చేయించి, చెయ్యి తిరిగాక ఒక్కొక్కరినీ చేర్చుకుంటూ పోవాలి. ఇంట్లో ఎటూ నలుగురూ ఉంటారు కాబట్టి ఆ చేర్చడం కూడా శిక్షణలో భాగమే.

ఆ కోడలి గురించి ఎక్కువ చెప్పాలి. వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో సిబ్బంది ఏం చేస్తున్నారో మార్గ్రెట్ బాల్టెస్ ఏళ్లపాటు దగ్గరుండి నమోదు చేయించింది. కనిపించింది చాలా మామూలు విషయం: ముసలాయన 'నా వల్ల కాదు' అంటే ఎవరో ఒకరు వెంటనే వస్తారు. తన పని తాను చేసుకుంటుంటే ఎవరూ పట్టించుకోరు. మాటా మనిషీ కావాలంటే చేతకానట్టుండాలని ఆ చోటు నేర్పుతుంది. ఎవరిలోనూ దురుద్దేశం లేదు. 1982లో జెర్రీ అవార్న్, ఎలెన్ లాంగర్ ఇంకో అడుగు వేశారు. నర్సింగ్ హోమ్ వృద్ధులకు బొమ్మ ముక్కలు కలిపే జిగ్‌సా పజిల్ ఇచ్చారు. కొందరికి చేతులు పెట్టి సాయం చేశారు, కొందరికి నోటితో ప్రోత్సాహం మాత్రమే ఇచ్చారు, మిగతావాళ్ల జోలికి పోలేదు. చివరికి సాయం అందినవాళ్ల పనితనం తగ్గింది. మాటతో ఉత్సాహపరిచినవాళ్లది పెరిగింది.

ఇదే దారిలో అందరూ చెప్పుకునేది లాంగర్, జుడిత్ రోడిన్ 1976 ప్రయోగం. కనెక్టికట్‌లోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఒక అంతస్తువాళ్లకు 'మీ గది మీ ఇష్టం, ఈ మొక్క మీరే పెంచండి, సినిమా ఏ రోజు చూడాలో మీరే తేల్చుకోండి' అన్నారు. ఇంకో అంతస్తువాళ్లకూ మొక్క ఇచ్చారు, నీళ్లు నర్సులు పోస్తారన్నారు. మొదటివాళ్లు చురుగ్గా, సంతోషంగా కనిపించారు. పద్దెనిమిది నెలల తర్వాత చూస్తే మరణాలు కూడా వాళ్లలో తక్కువ, దాదాపు 15 శాతం, రెండో గుంపులో 30 శాతం. ఈ మరణాల సంఖ్యను మాత్రం క్లాసుల్లో ఊగిపోతూ చెప్పకండి. గుంపులు చిన్నవి, పైగా ఆ గణాంకాల లెక్కలో పొరపాటు బయటపడి, తేడా మొదట చెప్పినంత గట్టిది కాదని సవరణ వచ్చింది. మిగతా ఫలితాలకు విలువ పోలేదు.

పోస్టింగుల మీద వెళ్లే విద్యార్థి వీటన్నిటికంటే ముందు చదవాల్సింది రిచర్డ్ షుల్జ్ పని. 1976లో అతను వృద్ధుల దగ్గరికి కాలేజీ విద్యార్థుల్ని పంపాడు. ఎప్పుడు రావాలో, ఎంతసేపుండాలో కొందరు వృద్ధులే నిర్ణయించారు. కొందరికి వాళ్లెప్పుడొస్తారో ముందే తెలిసేది. కొందరి దగ్గరికి ఇష్టమొచ్చినప్పుడు వెళ్లారు. కొందరి దగ్గరికి వెళ్లలేదు. మొదటి రెండు గుంపులూ బాగా కోలుకున్నట్టు కనిపించాయి. ప్రయోగం అయిపోయింది, విద్యార్థులు రావడం మానేశారు. తర్వాత షుల్జ్, బార్బరా హనుసా వెళ్లి చూస్తే (1978) దిగజారింది ఆ రెండు గుంపులవాళ్లే. సాయం చేసి మధ్యలో లేచి వెళ్లిపోవడం కూడా ఒక చికిత్సే, చెడ్డ చికిత్స. మీ పోస్టింగ్ ఎప్పుడు అయిపోతుందో పేషెంట్‌కి మొదటి రోజే చెప్పాలి. తర్వాత ఎవరొస్తారో చెప్పాలి, వీలైతే ఆ మనిషిని తీసుకొచ్చి పరిచయం చేయాలి.

ఇవన్నీ చదివి వెంటనే ఆ కోడలి మీద విరుచుకుపడితే మాత్రం పాఠం తలకిందులైనట్టే. పై ప్రయోగాలన్నీ సంస్థల్లో, జీతానికి పనిచేసేవాళ్ల మధ్య జరిగాయి. మన ఇళ్లలో మామగారికి గుండీ పెట్టడం పని తేలికవడం కోసమే కాదు, అది కోడలి ధర్మంగా చుట్టుపక్కలవాళ్లు లెక్కపెట్టే విషయం. ఆయన కష్టపడుతుంటే ఆమె చేతులు కట్టుకుని నిలబడితే 'ఆయన్ని గాలికొదిలేసింది' అనేవాళ్లుంటారు. అంటే ఆమె మీదా పరిస్థితి ఉంది. 'సాయం చేయకండి' అన్న సలహా ఆ ఇంట్లో నిలవదు. ఆమెకు ఇంకో పని అప్పగించాలి: చొక్కా తిరగవేసి మంచం మీద సరైన వైపు పెట్టడం, మొదటి గుండీ వరకూ ఆగడం, నోటితో దారి చెప్పడం. చేస్తున్నట్టు నలుగురికీ కనిపించాలి, చేతులు మాత్రం ఆయనవే కదలాలి. ఇంకో మాట. అన్నీ ఒంటరిగా చేసుకోవడమే లక్ష్యమని పుస్తకాల్లో ఉంటుంది. ఆయనకు ఏవి సొంతంగా చేసుకోవాలనుందో, ఏవి చేయించుకున్నా ఫరవాలేదో అడగండి. పంచె తనే కట్టుకోవాలని పట్టుబట్టే మనిషికి వీపు రుద్దించుకోవడంలో నామోషీ ఉండకపోవచ్చు.

ఆల్బర్ట్ బందూరా 'సెల్ఫ్ ఎఫికసీ' (1977) గురించి పాఠాల్లో కావలసినంత ఉంది, క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. నా వల్ల అవుతుందన్న నమ్మకం నాలుగు దారుల్లో వస్తుంది: చేసి గెలవడం, తనలాంటివాడు చేస్తుంటే చూడటం, ఎవరైనా ధైర్యం చెప్పడం, ఒంట్లో దడా అలసటా లేకపోవడం. మొదటిది అన్నిటికంటే బలమైనది. మనం ఎక్కువగా వాడేది మూడోది, ఎందుకంటే అది చౌక. రెండోదాన్ని దాదాపు వాడం. ఒకే సమస్య ఉన్న ఇద్దరికి ఒకే టైమ్ ఇస్తే, ఆరు నెలలు ముందున్నవాణ్ణి చూసి వెనకున్నవాడు నేర్చుకునేది మన పొగడ్తలతో రాదు.

పరిస్థితి పేషెంట్ మీదే పనిచేస్తుందనుకోవద్దు. 1966లో చార్ల్స్ హాఫ్లింగ్ బృందం నర్సులకు ఫోన్ చేయించింది. ఎప్పుడూ చూడని 'డాక్టర్' ఒకాయన, సీసా మీద రాసిన గరిష్ఠ మోతాదుకు రెట్టింపు మందు ఇమ్మన్నాడు. 22 మందిలో 21 మంది ఇవ్వడానికి సిద్ధమయ్యారు. మందు ఉత్తిదే, ఇచ్చేలోగా ఆపేశారు. 1977లో ర్యాంక్, జేకబ్సన్ తెలిసిన మందుతో, తోటివాళ్లతో మాట్లాడుకునే వీలున్నప్పుడు ఇలాంటిదే చేస్తే 18 మందిలో ఇద్దరే సిద్ధపడ్డారు. మన ఆస్పత్రుల్లో మెట్ల వరస ఎంత గట్టిదో మీకు చెప్పక్కర్లేదు. డిశ్చార్జి రేపే అని పెద్ద డాక్టర్ అన్నాక, 'సార్, ఆ ఇంట్లో బాత్‌రూమ్ పెరట్లో ఉంది, నాలుగు మెట్లు దిగాలి' అని చెప్పాల్సింది మీరే. ఒంటరిగా నోరు పెగలకపోతే ముందు ఫిజియోతోనో సిస్టర్‌తోనో మాట్లాడి వెళ్లండి. సోలొమన్ ఆష్ 1950ల గీతల ప్రయోగాల్లో కూడా, గదిలో నిజం చెప్పే తోడు ఒక్కరుంటే చాలు, గుంపుకు తలొగ్గడం బాగా తగ్గిపోయింది.

కళంకం గురించి ఎర్వింగ్ గాఫ్మన్ 1963లో రాసినదాంట్లో, మచ్చ పక్కనున్నవాళ్లకూ అంటుతుందన్న ముక్క మన దగ్గర బాగా కనిపిస్తుంది. ఆటిజం ఉన్న పిల్లాణ్ణి పేరంటాలకు తీసుకెళ్లని తల్లి ఆ పిల్లాడి ఒక్కడి పరువు గురించే ఆలోచించడం లేదు, పెద్దమ్మాయి సంబంధాల గురించి కూడా ఆలోచిస్తోంది. దీనికి ఎదురుగా ఇంకోటుంది: వైకల్యం ఎంత శాతమో తేల్చి ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్. పింఛను రావాలంటే 40 శాతం వైకల్యం కాగితం మీద ఉండాలి. థెరపీలో చెయ్యి మెరుగుపడుతుంటే, మళ్లీ పరీక్షకు పిలిస్తే శాతం తగ్గుతుందేమోనన్న భయం కొందరిలో ఉంటుంది. దాన్ని నటన అనేయడం తేలిక. బాగుపడితే ఆదాయం పోయే ఏర్పాటులో ఎవరైనా ఆచితూచే అడుగేస్తారు. ఈ సంగతి పేషెంట్ మనతో మొహమాటం లేకుండా చెప్పగలిగితే, ఏ పని ఎందుకు సాధిస్తున్నామో కలిసి కూర్చుని తేల్చుకోవచ్చు.

చివరగా కాలేజీలు సరదాగా చేయించే ఒక పని గురించి. ఒకరోజు కళ్లకు గంతలు కట్టుకోవడం, క్యాంపస్‌లో వీల్‌చైర్‌లో తిరగడం. సానుభూతి పెరుగుతుందని ఉద్దేశం. 2017లో మిషెల్ నారియో-రెడ్మండ్ బృందం ఇలాంటి అనుకరణలను పరీక్షించింది. పాల్గొన్నవాళ్లలో అయోమయం, ఇబ్బంది, నిస్సహాయత పెరిగాయి. వైకల్యం ఉన్నవాళ్లతో కలిసి మెలిసి ఉండే విషయంలో వైఖరులు మెరుగుపడలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. గంతలు కట్టుకున్న మొదటి గంట అనుభవం వేరు, చూపు లేకుండా ఇరవై ఏళ్లు బతికిన మనిషి నేర్పు వేరు. మనం అనుభవించేది నష్టాన్ని మాత్రమే, అంటే డెంబో చెప్పిన బయటి చూపునే ఇంకాస్త గట్టిపరుచుకుంటాం.

గోర్డన్ ఆల్పోర్ట్ 1954లో వేరే దారి చెప్పాడు. ఒక వర్గం మీద ముందే ఏర్పడిన అభిప్రాయాలు తగ్గాలంటే ఆ వర్గంవాళ్లతో కలవాలి. ఊరికే కలిస్తే సరిపోదు: హోదా సమానంగా ఉండాలి, ఇద్దరికీ ఉమ్మడి లక్ష్యం ఉండాలి, కలిసి పనిచేయాలి, పైవాళ్ల మద్దతు ఉండాలి. ఆస్పత్రిలో మనకూ పేషెంట్‌కీ మధ్య ఈ నాలుగింటిలో మొదటిది ఎప్పుడూ ఉండదు. ఏళ్ల తరబడి వందలమందిని చూసిన థెరపిస్టుల్లో కూడా పాత అభిప్రాయాలు చెక్కు చెదరకుండా ఉండటానికి అదొక కారణమని నాకనిపిస్తుంది. వీల్‌చైర్ వాడే ఒకరిని కాలేజీకి పిలిచి, బస్సు ఎక్కడం, వంటగది అమర్చుకోవడం వాళ్ల చేతే పాఠంగా చెప్పించండి. అడాప్టివ్ పరికరాల (లావు పిడి స్పూన్ లాంటివాటి) ప్రాక్టికల్‌లో మార్కులు వాళ్లనే వేయనివ్వండి. గెస్ట్ లెక్చరర్‌కి ఎంతిస్తారో వాళ్లకూ అంతే ఇవ్వండి. శాలువా కప్పి పంపించేస్తే సమాన హోదా అన్న షరతు గేటు దగ్గరే పోతుంది.